తెగిన మొలతాడు, జారిన తాయెత్తు

బాలింతను సాకడంలో మాలకొండమ్మవ్వను మించినవాళ్ళు వాకాడు మండలం మొత్తం మీద లేరు. ఈ మాట ఊరు అన్నది కాదు, అవ్వే అన్నది. ఊరు మాత్రం కాదనలేదు. కాదన్నవాళ్ళ ఇంట్లో మళ్ళీ కాన్పు వస్తే సొరపుట్టు వండేదెవరు? సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న పాలెంలో తల్లులందరూ అవ్వ చేతికింద చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, మంచం దిగకుండా తిని, గుండ్రంగా బయటికి వచ్చినవాళ్ళే.

అందుకని మొగుడు చిన్నపోలయ్యకు పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు అవ్వ ఏమాత్రం తడబడలేదు. ఆమెకు తెలిసిన సాకుడు ఒక్కటే. దాన్నే మొదలుపెట్టింది. డెబ్భై దగ్గరపడిన మీసాల తాతను బాలింతను చేసింది.

నెల్లూరు ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చాలా చెప్పాడు. కాలు కదులుతోంది, చేతికి కూడా పట్టు వస్తుంది, రోజూ లేపి నిలబెట్టండి, నడిపించండి, మంచానికి వదిలెయ్యకండి అన్నాడు. అవ్వ అన్నిటికీ తల ఊపింది. కారెక్కాక తీర్పు చెప్పింది.

"మూతి మీద మీసం గూడా సరిగ్గా రాలేదు. ఆ పిల్లోడు ఎంతమంది బాలింతల్ని చూసుంటాడు?"

"మగోడు బాలింత ఎట్టవుతాడే?" అన్నాడు తాత. మూతి కాస్త వంకరపోయిందే గాని మాట పడిపోలేదు.

"నోరు గూడా పడిపోయుంటే నాకు సగం పని తగ్గుండేది" అంది అవ్వ. అప్పటికే కొంగుతో అతని చెవులు కప్పుతోంది, గాలి తగలకుండా.

ఆ రోజు నుంచి తాత రాజయ్యాడు. పొద్దున్నే వెల్లుల్లి కారం కలిపి ముద్దలు. పదిగంటలకు గంజిలో నెయ్యి. మధ్యాహ్నం సొరచేపను ఉడకబెట్టి చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి వేయించిన సొరపుట్టు. బాలింతకు పాలు పడాలని వండేది అది. తాతకు ఏం పడాలని వండిందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అన్నాన్ని గిన్నెలో అదిమి బోర్లిస్తే పళ్ళెంలో ఇసక గూడులా నిలబడేది. నీళ్ళు తాగాలన్నా, మూత్రానికి పోవాలన్నా అన్నీ మంచం దగ్గరికే వచ్చేవి. నేల మీద కాలు పెడితే వాతం ఎక్కుతుందని అవ్వ సిద్ధాంతం.

చూడవచ్చినవాళ్ళు కూడా చేతులూపుకుంటూ రాలేదు. గూడూరు పోయినవాళ్ళు బత్తాయిలు తెచ్చారు, నెల్లూరు పోయినవాళ్ళు మలై కాజా తెచ్చారు, ఎక్కడికీ పోనివాళ్ళు బ్రెడ్డు, బిస్కెట్లు తెచ్చారు. తెచ్చింది తమ కళ్ళ ముందే తినాలని పట్టుబట్టారు. తాత ఎవరి మనసూ నొప్పించలేదు.

"పాపం, తినలేకుండా ఉండాడు" అని పక్కింటి మస్తానమ్మ జాలిపడేది, అయిదో కాజా నోటికి అందిస్తూ.

అసలు ఆ మంచం తాతకు బాగానే నచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచి సముద్రంతో తాడు లాగినవాడికి, ఎవరో ఒకరు దిండు సర్ది 'ఇంకో ముద్ద' అనడం కొత్తగా ఉండదా? కాకపోతే పొద్దుటిపూట ఒడ్డున పెద్దవల లాగుతూ జట్టు పాట ఎత్తుకున్నప్పుడు మాత్రం అతని నోట్లో ముద్ద ఆగేది. కుడి చెయ్యి మంచం కోడును పట్టుకుని బిగిసేది. అవ్వ చూసేది, చూడనట్టు ఇంకో ముద్ద కలిపేది.

ఆ పెద్దవల సంగతి చెప్పాలి. పడవలో వలను సముద్రంలోకి చుట్టు తిప్పి వదిలి వస్తారు. దాని రెండు కొసల తాళ్ళను ఒడ్డున రెండు జట్లు పట్టి లాగుతాయి. ఒక తాటికి చిట్టచివరన చిన్నపోలయ్య చోటు. ముందున్నవాళ్ళు లాగుతుంటే, వచ్చిన తాడు జారకుండా బిగువు పట్టి, ఇసకలో చుట్ట చుట్టేవాడు కొస మనిషి. చూడ్డానికి ముసలివాళ్ళ పనిలా ఉంటుంది. చుట్ట చిక్కుపడితే మర్నాడు వల దిగదు, అప్పుడు తెలుస్తుంది అది ఎవరి పనో.

జట్టుకో కట్టుబాటు ఉంది. నిలబడి తాడు పట్టినవాడికే చేపల్లో పాలు, అంటే వాటా. కూర్చున్నవాడికి లేదు. జబ్బుపడినవాడికి మాత్రం గంగమ్మ జాతర దాకా జబ్బు పాలు ఇంటికి పంపుతారు. జాతర అయ్యాక పడే మొదటి వలకు అతను వచ్చి తన చోట నిలబడాలి. రాలేకపోతే ఆ చోటు ఇంకొకరిది. తాత ఇంట్లో కూటికి లోటేమీ లేదు, కొడుకు బోటు మీద పోతున్నాడు. అయినా తాడు మీద చోటు పోయినవాణ్ణి ఆ ఒడ్డున ఏమని పిలుస్తారో తాతకు తెలుసు. ఏమనీ పిలవరు. గుడిసె నీడలో కూర్చోబెట్టి చుట్ట ఇస్తారు, కాల్చుకునే చుట్ట.

ఇక కాటా. ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టినా నెలనెలా చేపల పాకలో ఉన్న పెద్ద కాటా మీద పెట్టి తూచడం ఆ పాలెం ఆనవాయితీ. అంగన్‌వాడీలో మంచి కాటా ఉంది. కానీ చేపలు తూచే కాటాకు అబద్ధం రాదని వాళ్ళ నమ్మకం. పొద్దున అదే కాటా దగ్గర చేపలు కొనేవాడి గొంతు పట్టుకున్నవాళ్ళే సాయంత్రం బిడ్డను తెచ్చి దాని మీద పెడతారు. బరువు పెరిగితే బెల్లం పంచుతారు.

బాలింతను చేశాక బిడ్డ ముచ్చట మాత్రం ఎందుకు తక్కువ చెయ్యాలి? అవ్వ తాతను కూడా నెలనెలా తూయించింది. నలుగురు మోసుకుపోయి కాటా మీద కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళు. ముల్లు ప్రతినెలా కుడివైపుకే జరిగింది. అవ్వ ప్రతినెలా బెల్లం పంచింది.

"ఏం చేయి వదినా నీది. చచ్చి బతికినోణ్ణి ఏనుగును చేసినావు" అంది మస్తానమ్మ.

అవ్వ కొంగు సర్దుకుంది. ఆ మాట కోసమే ఆమె బతుకుతోందని చెప్పడం అన్యాయం. ఆ మాట కోసం కూడా బతుకుతోంది, అంతే.

ఒక నెల కాటా మీద ఉండగానే తాత మొలతాడు పట్‌మని తెగింది. పాకలో అందరూ చప్పట్లు కొట్టారు. అవ్వ ఇంటికి పోయి, రెట్టింపు పొడుగున్న మొలతాడు కట్టి దిష్టి తీసింది. అదే రోజు వేనాడు దర్గాలో కట్టించుకొచ్చిన తాయెత్తు కుడి దండచెయ్యి మీద నుంచి మోచేతికి జారి ఉండటం చూసింది. నూనె స్నానాలకు దారం సాగిందనుకుని ముడి బిగించింది. వారం తిరగకుండా మళ్ళీ జారింది.

"ఈ కాలం దారాల్లో పస లేదు" అంది అవ్వ. ఒకే ఒంటి మీద ఒక దారం చాలక తెగడమూ, ఇంకో దారం వదులై జారడమూ ఏమిటన్నది ఆమెకు తట్టలేదు. బెల్లం పంచే హడావుడిలో ఉంది.

జాతర ఇంకా మూడు నెలలుందనగా జట్టు పెద్ద పెంచల్ వచ్చాడు. అవ్వకు వరసకు మేనల్లుడు. గడప దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"మామ ఎట్టుండాడత్తా?"

"కళ్ళు లేవా నీకు? ఇద్దరు మనుషులంత ఉండాడు చూడు."

"ఆ ఇద్దరిలో ఒకడన్నా లేచి నిలబడతాడా అని అడగను వచ్చినా."

అవ్వకు మండింది. "ఇంత ఒళ్ళు చేసినోడు నిలబడకుండా యాడికి పోతాడురా? జాతర అయినాక చూడు. నిన్ను గూడా కలిపి లాగేస్తాడు."

"అంతకన్నానా. మామ చోట ఇప్పుడు నిలబడినోడు తాడు చుట్టడం లేదత్తా, పాము పడుకున్నట్టు పడేస్తా ఉండాడు" అని పెంచల్ నవ్వి, తాత వైపు చూశాడు. "మామా, వస్తావా?"

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే తాత, జారిన తాయెత్తును పైకి తోసుకుంటూ కూర్చున్నాడు.

ఆ నెల కాటా దగ్గర జనం ఎక్కువే చేరారు. తూచడం అయ్యాక మోసేవాళ్ళు చెయ్యి వెయ్యబోతే పెంచల్ ఆపాడు.

"ఉండండిరా. మామే దిగుతాడు."

తాత కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. కొంచెం లేచాడు. అంతలో మోకాలు గజగజ వణికి, తాత నెమ్మదిగా, పరువుగా, నెత్తళ్ళ తట్టలోకి జారి కూర్చున్నాడు. చేపలు చిట్లాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. లేపడానికి నలుగురు చాలలేదు.

"దిష్టి వదినా, పాడు దిష్టి" అంది మస్తానమ్మ.

అవును అనబోయి అవ్వ ఆగింది. వణికిన మోకాలు ఆమె కళ్ళారా చూసింది. అది కుడి మోకాలు. జబ్బు వచ్చింది ఎడమ పక్కకు కదా? కుడి కాలికి ఏమొచ్చింది? ఇంటికొచ్చి లుంగీ మోకాళ్ళ పైకి తీసి చూసింది. ఇన్నాళ్ళూ పొట్టను చూసి మురిసిందే గాని కాళ్ళను అంత పరీక్షగా చూడలేదు. పిక్కలు ఎండిన తాటి మట్టల్లా ఉన్నాయి. పైన బాన, కింద రెండు పుల్లలు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా తాతను ఆటోలో వేసుకుని వాకాడు పోయింది. అక్కడి ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి వచ్చి కూర్చునే ఫిజియోథెరపీ అమ్మాయి ఎలిశబెతు ముందు కూర్చోబెట్టింది. ఆ పిల్ల తాతను చూసి, చెవుల్లో దూదిని చూసి, తలగుడ్డను చూసి, అవ్వను చూసింది.

"ఏం పెడతా ఉండావు పెద్దమ్మా?"

అవ్వ ఒక్కటీ దాచలేదు. వెల్లుల్లి ముద్దల దగ్గర మొదలుపెట్టి సొరపుట్టు మీదుగా నెయ్యి గంజి దాకా గర్వంగా చెప్పింది.

"ఇదంతా తిని పెదనాయన ఏం చేస్తాడు?"

"పొడుకుంటాడు. మంచం దిగనీను. పచ్చి ఒళ్ళు గదా."

"బాగుంది. మరి బిడ్డ ఏది పెద్దమ్మా?"

తాత నవ్వాడు. పొట్ట మొత్తం కదిలేలా నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

ఎలిశబెతు రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి తాత కుడి పిక్క చుట్టూ ఉంగరంలా పెట్టింది. వేళ్ళు ఆనడం అటుంచి, మధ్యలో ఇంకో వేలు పట్టే సందు మిగిలింది. తరవాత పొట్ట మీద చర్మాన్ని గుప్పెటతో పట్టుకుంది. గుప్పెట నిండింది.

"చూడు పెద్దమ్మా. కండ కరిగిపోయింది, కొవ్వు పెరిగింది. కాటాకు రెండూ ఒకటే, కలిపి చెబుతుంది. కండకు పని పెడితేనే తిన్నది దానికి అంటుతుంది. పని లేకపోతే అంతా పొట్టకే. ఎడమ పక్కను పక్షవాతం కొట్టింది. కుడి పక్కను మీ మంచం కొట్టింది."

"నా చేతి తిండి తిని ఇంతవరకూ ఎవురూ చెడలేదు" అంది అవ్వ. కళ్ళు మాత్రం ఆ పిక్క మీదే ఉన్నాయి.

"తిండి మానమని ఎవరన్నారు? చేప పెట్టు, గుడ్డు పెట్టు, పెసలు పెట్టు. అన్నం సగం చెయ్యి, కాజాలు ఆపు. ఆ పుల్ల కాళ్ళ మీద ఆ పొట్టను ఎట్ట లేపుతాడు? పైగా ఈ బరువుకు షుగరూ బీపీ తోడైతే ఇంకోసారి వస్తుంది పక్షవాతం. అప్పుడు మాట గూడా పోవచ్చు." ఎలిశబెతు కుర్చీ చూపించింది. "కూర్చున్నోణ్ణి లేపు. లేచినోణ్ణి కూర్చోబెట్టు. మళ్ళీ లేపు. అదే మందు. మాత్రలు ఎట్టాగూ ఉండాయి."

తిరుగుదారి పట్టారు. ఆటో పాలెం చేరేసరికి పెద్దవల ఒడ్డుకు వస్తోంది. తాడు బరువుగా ఉంది. జట్టు కేకలు పెడుతూ లాగుతోంది. బుట్టలు పట్టుకుని ఆడవాళ్ళు పరుగెత్తారు. వల పొట్ట ఇసక మీదికి వచ్చి విప్పుకుంది. లోపల బురద, నాచు, ముట్టుకుంటే దురదపెట్టే జిగురు ముద్దలు, వాటి మధ్య దారి తప్పిన పీత ఒకటి.

"బరువు చూసి మురిసినారు, ఎర్రినాయాళ్ళు" అన్నాడు తాత ఆటోలోంచి.

అవ్వ చురుగ్గా చూసింది. "నన్నంటా ఉండావా?"

"వలనంటా ఉండా" అన్నాడు తాత, ఇంకోవైపుకు చూస్తూ.

అవ్వ చెయ్యి చాపి అతని చెవుల్లోంచి దూది పీకి ఇసకలో పారేసింది.

తాత రాజ్యం ఆ పూటతో కూలిపోయింది. మర్నాటి పొద్దున పళ్ళెంలో గుడ్లూ పెసలూ కానాగంత చేపల పులుసూ ఉన్నాయి గాని, అన్నం గూడు కాస్తా పిట్టగూడంత అయ్యింది. మంచాన్ని గోడకు నిలబెట్టేసింది. వసారాలో ముక్కాలి పీట వేసి, ఎదురుగా స్తంభానికి పాత వల తాడు కట్టి, కొస తాత చేతికిచ్చింది.

"లే."

తాత తాడు పట్టుకుని లేచాడు.

"కూచో. లే."

"బాలింతను ఎవురన్నా ఇట్టా కష్టపెడతారా?"

"నీ పురుడు తీరిపోయింది. లే."

అవ్వకు మెత్తగా చేసే పని ఏదీ రాదు. నిన్నటిదాకా ఎంత మొండిగా పెట్టిందో, ఇప్పుడు అంత మొండిగా లేపింది. తాత తిట్టాడు, అలిగాడు, ఎడమ కాలు చచ్చిపోయిందని ప్రకటించాడు. ఆ చచ్చిన కాలితోనే పీటను తన్నాడు. ఇద్దరూ తన్నిన కాలు వైపు చూశారు.

"మళ్ళా తన్ను" అంది అవ్వ.

లేవడం కాస్త ఒంటబట్టాక, వారానికోసారి వాకాడులో ఎలిశబెతు దగ్గర నడకా, ఇంట్లో తాడు చుట్టడమూ మొదలయ్యాయి. కుడి చెయ్యి తాడు లాగాలి, ఎడమ చెయ్యి దారి చూపాలి. ఎడమ చెయ్యి ఊరికే ఊగేది. తాత దాన్ని పక్కింటి పనిదొంగను తిట్టినట్టు తిట్టేవాడు. విప్పి చుట్టడం, విప్పి చుట్టడం. వసారా నిండా తాడు. మస్తానమ్మ తువ్వాలు కింద మలై కాజా దాచుకొచ్చి గుట్టుగా అందిస్తుంటే అవ్వ పట్టుకుంది. ఆ కాజాను మస్తానమ్మ నోట్లోనే కుక్కింది.

ఊరు ఊరుకుంటుందా? మాలకొండమ్మ మొగుణ్ణి మాడుస్తోందంది. కాటా దగ్గరికి తేవడం మానేసిందంటే ఏదో ఉందంది. అవ్వ అన్నీ విన్నది. దానికి తోడు, కొత్తగా కనిన ఒక పిల్ల దగ్గరికి పోయి "లేచి వాకిట్లో నాలుగడుగులు వెయ్యమ్మా" అని నోరు జారింది. ఆ ఇంటివాళ్ళు మర్నాటి నుంచి సొరపుట్టు వాళ్ళే వండుకున్నారు. పొగడ్తకు అలవాటుపడిన మనిషి, వచ్చిన కోపమంతా తాత మోకాళ్ళ మీద చూపించింది.

"లే. నీ వల్ల నా పేరు పోయింది. కనీసం నీ చోటన్నా మిగుల్చుకో. లే."

గంగమ్మ జాతర అయ్యింది. మొదటి వల పడిన పొద్దున తాత కర్ర పట్టుకుని బయలుదేరాడు. ఎలిశబెతు సిమెంటు నేల మీద నడక నేర్పింది గాని, ఇసకలో నడక సంగతి ఆమెకేం తెలుసు? కాలు దిగబడుతోంది, తాత పీకి మళ్ళీ వేస్తున్నాడు. వెనకాల ముక్కాలి పీట చంకలో పెట్టుకుని అవ్వ. ఊరంతా తమ పనులు చూసుకుంటున్నట్టు నటిస్తూ వాళ్ళనే చూస్తోంది.

పెంచల్ తాడు కొస తెచ్చి చేతికిచ్చాడు. తాత కర్రను ఇసకలో గుచ్చి, రెండు చేతులతో పట్టుకున్నాడు. జట్టు పాట ఎత్తుకుంది.

మొదట్లో బాగానే ఉంది. తాడు వస్తోంది, చుట్ట పడుతోంది. ఎడమ చెయ్యి అప్పుడప్పుడూ నిద్రపోతోంది, తాత తిట్టి లేపుతున్నాడు. వల సగం దూరం ఇవతలికి వచ్చేసరికి తాడు బరువెక్కింది. కుడి మోకాలు వణకడం మొదలైంది. ఆ వణుకు అవ్వకు బాగా తెలుసు. నెత్తళ్ళ తట్టలోకి జారిన రోజు చూసిన వణుకే. ఆమె వెనక నుంచి పీట తెచ్చి అతని కాళ్ళకు ఆనించింది. కూర్చుంటే చోటు పోతుంది. పడితే మనిషే పోవచ్చు. ఆ క్షణాన ఆమె చోటును వదిలేసుకుంది.

"కూచో అయ్యా. పోతే పోయింది."

"మే, ఆ పీట అవతల పెట్టు" అన్నాడు తాత.

పెంచల్ ముందు నుంచి తిరిగి చూశాడు. పాట గట్టిగా ఎత్తుకున్నాడు. తాత తాడు మీద బరువు వేసి, కూర్చోబోతున్నట్టు మోకాళ్ళు వంచాడు. పీట తొడకు తగలకముందే లేచాడు. వసారాలో అవ్వ తిట్లకు వంగి లేచినట్టే. వంగాడు, లేచాడు. తాడు వచ్చింది, చుట్ట పడింది. అవ్వ పెదవులు మాత్రం కదులుతున్నాయి. 'కూచో' అనడం లేదు. 'లే' అంటున్నాయి.

వల ఒడ్డుకు వచ్చింది. తాత నిలబడే ఉన్నాడు.

ఇంత చేసీ లోపలున్నవి నెత్తళ్ళే, అవీ పలచగా. పెంచల్ అందరితోపాటు తాత తువ్వాల్లోనూ దోసెడు పోశాడు.

"ఇంతేనా?" అన్నాడు తాత. "జబ్బు పాలు ఇంతకన్నా ఎక్కువ పంపినారు గదరా."

"అది జాలితో పోసింది మామా. ఇది పనికి పోసింది. ఇంతే."

తాత గొణిగాడు. అందరూ గొణిగారు. అందరితోపాటు గొణగడం ఎంత బాగుందో అతని ముఖం దాచుకోలేకపోయింది.

మస్తానమ్మ బుట్టతో వచ్చి, తాతను కింద నుంచి పైదాకా చూసి చేతులు నలుపుకుంది. "ఎట్టాంటి మనిషి ఎట్టయిపోయినాడు. ఒళ్ళంతా తీసేసినాడే. ఏం పెట్టడం లేదా వదినా?"

అవ్వ తాతను చూసింది. మొలతాడు వదులై లుంగీ మీదికి వేలాడుతోంది, పొట్టి చెయ్యాలి. తాయెత్తు దండ మీదే ఉంది. ఉప్పునీళ్ళకు తడిసి, ఎక్కడ కట్టిందో అక్కడే.

అవ్వ ముక్కాలి పీటను ఇసకలో గట్టిగా దిగేసి, దాని మీద తనే కూర్చుంది.

"నా కాళ్ళు పీకతా ఉండాయి" అంది తాతతో. "ఆ చేపలు నువ్వే మోసుకురా."